ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వచ్చేసరికి 0.6 వోల్టు తగ్గుతోంది, లావు కేబుల్ వేయాలా?

ప్రశ్న:
బండిలో యాంప్లిఫయర్, అదనపు లైట్లు వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర కొలిస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) మీద (కరెంటు బయటికొచ్చే బీ ప్లస్ బోల్టు నుంచి దాని బాడీకి) 14.3, బ్యాటరీ మీద 13.7 వోల్టులు. ఆల్టర్నేటర్ 120 ఆంపియర్లది. ఛార్జింగ్ కేబుల్ మీటరున్నర, 16 స్క్వేర్ ఎంఎం. ప్లస్ కేబుల్ ఒక్కటీ మారిస్తే చాలా?

జవాబు 1:
కొనేముందు ఆ 0.6 ఎటు పోతోందో పట్టుకోండి. అదే లోడు మీద మల్టీమీటర్ ఒక ప్రోబు బీ ప్లస్ బోల్టుకి, రెండోది బ్యాటరీ ప్లస్‌కి పెట్టండి. తర్వాత ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి. ప్లస్ వైపు 0.2, ఎర్త్ (మైనస్) వైపు 0.1 దాటితే తేడా ఉన్నట్టే. 16 స్క్వేర్ రాగి మీటరుకి 1.1 మిల్లీఓమ్. 100 ఆంపియర్లు లాగినా మీ కేబుల్‌లో పోయేది 0.17 దరిదాపులే.

అడిగినవారు:
ప్లస్ వైపు 0.18, ఎర్త్ వైపు 0.42.

జవాబు 2:
అయితే దొంగ ఎర్తే. ప్లస్ జోలికి ఇప్పుడే పోకండి. బ్యాటరీ మైనస్ నుంచి బండి బాడీకి ఒకటి, ఇంజిన్ బ్లాక్ నుంచి బండి బాడీకి ఒకటి, 35 స్క్వేర్ సన్నపోగుల రాగి కేబుల్ వేయండి. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకండి. ఎర్రటి పైపొర కింద తెల్లగా కనబడితే అది రాగి పూసిన అల్యూమినియం. అదే పని చేయాలంటే 1.6 రెట్లు ఎక్కువ స్క్వేర్ ఎంఎంది కావాలి.

పని మొదలుపెట్టేముందు మైనస్ టెర్మినల్ విప్పాలి, బిగించడం అన్నిటికన్నా చివర. ఎర్త్ పాయింటు దగ్గర లగ్గు (కేబుల్ చివర ఉండే బోల్టు రింగు) ఆనేంత మేర ఇనుము మెరిసేదాకా రంగు గీకండి. లగ్గు నేరుగా ఇనుముకి ఆనాలి, వాషర్ దాని పైనే. బిగించాక పైన గ్రీజు పూయకపోతే తుప్పు మళ్లీ వస్తుంది. లగ్గును హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టించొద్దు. సోల్డర్ కూడా వద్దు: అది పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది, అదురుకి సరిగ్గా ఆ గట్టి భాగం అంచునే కేబుల్ తెగుతుంది. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి బ్లాక్ కేబుల్‌కి కాస్త వదులు ఉంచండి.

జవాబు 3:
మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీ సెన్సర్ ఉందేమో చూసుకోండి. ఉంటే కొత్త ఎర్త్ సెన్సర్ దాటాక, బాడీ వైపే తగిలించాలి. నేరుగా బ్యాటరీ మైనస్ పోస్టుకి పెడితే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుతుంది.

ఎప్పుడైనా ప్లస్ కేబుల్ వేస్తే బ్యాటరీకి జానెడు లోపే ఫ్యూజు పెట్టండి, 35 స్క్వేర్‌కి 150 ఆంపియర్లది. ఐడిల్‌లో మాత్రమే లైట్లు మసకబారుతుంటే అది కేబుల్‌తో పోయేది కాదు. ఆ వేగంలో ఆల్టర్నేటర్ ఇచ్చేదే తక్కువ.