అర్థం తెలిస్తేనే ప్రాస తెలిసే ఇంగ్లీషు మాటలు

పిల్లల కోసం ఇంగ్లీషు ప్రాసపదాల పట్టిక తయారుచేస్తున్న ఒక సభ్యురాలు మంచి ప్రశ్న వేశారు. లవ్, మూవ్, స్టోవ్ అనే మూడు మాటలూ ఓ, వి, ఈ అనే మూడక్షరాలతోనే ముగుస్తున్నప్పుడు వాటిని ఒకే వరుసలో ఎందుకు పెట్టకూడదు అన్నది ఆ ప్రశ్న. వరుసలన్నీ పూర్తయ్యాక ప్రతి మాట పక్కనా అర్థం రాస్తానని కూడా వారన్నారు. నా మనవి ఏమిటంటే, అర్థాన్ని ముందు రాసుకుని, ఆ తరువాతే మాటను వరుసలో చేర్చాలి. ఇంగ్లీషులో చాలా మాటలకు అర్థం తేలితే గాని ఉచ్చారణ తేలదు, ఉచ్చారణ తేలితే గాని ప్రాస తేలదు.

మొదట మన చెవికి అలవాటైన ప్రాస ఎలాంటిదో గుర్తుచేసుకోవడం అవసరం, ఎందుకంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. సుమతీ శతకంలోని ‘అక్కరకు రాని చుట్టము’ పద్యాన్ని తీసుకుందాం. నాలుగు పాదాలూ అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున అని మొదలవుతాయి. రెండో అక్షరంలో ద్విత్వ కకారం నాలుగు చోట్లా నిలిచింది గాని, దాని ముందున్న అచ్చు అకారం, ఒకారం, ఎకారం అని మారుతూ పోయింది. దాని మీది అచ్చు కూడా అకారం, ఇకారం, ఉకారం అని మారింది. మొదటి అక్షరం నాలుగు పాదాల్లోనూ గురువైతే గురువుగా, లఘువైతే లఘువుగా ఒకేలా ఉంటే చాలు, అచ్చు ఏదన్న పట్టింపు మన ఛందస్సుకు లేదు. అంటే మన ప్రాసకు ప్రాణం హల్లు.

ఇంగ్లీషు ప్రాసకు ప్రాణం అచ్చు. మాటలో ఊనిక పడిన, అంటే నొక్కి పలికే, అచ్చు దగ్గర నుంచి చివరి వరకు ధ్వని అంతా ఒకటిగా ఉండాలి. ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. ఈ లెక్కన నేషన్, స్టేషన్ అనేవి చక్కని ప్రాస. నేషన్, క్వశ్చన్ అనేవి అక్షరాల్లో ఒకేలా ముగిసినా ప్రాస కావు, ఎందుకంటే ఊనిక పడిన అచ్చులు వేరు. మన అంత్యప్రాసకు అలవాటుపడిన చెవి ఈ రెండో జతను సులభంగా ఒప్పుకుంటుంది, ఇంగ్లీషు చెవి ఒప్పుకోదు. అలాగే వీపు అనే అర్థంలోని బ్యాక్, మెడ అనే అర్థంలోని నెక్, బండరాయి అనే అర్థంలోని రాక్ మన అక్కర, మ్రొక్కుల వరస లాంటివే. ఇంగ్లీషువారు వాటిని దగ్గరి ప్రాసగా మాత్రమే లెక్కిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 నవంబరు 4న మరణించిన ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఆ దగ్గరి ప్రాసనే ఒక పద్ధతిగా పట్టుకుని, విశాలమైన గది అనే హాల్‌ను నరకం అనే హెల్‌తో జతచేశాడు. ముందూ వెనకా హల్లులు నిలిచి నడుమ అచ్చు మారే ఆ జతను ఇంగ్లీషు పాఠకులు ఏదో లోటుగా, వెలితిగా విన్నారు. యుద్ధకవితకు ఆ వెలితే తగినదైంది. ప్రాసకు అలవాటుపడిన తెలుగు చెవికి మాత్రం అది వెలితిగా తోచకపోవచ్చు. ఛందస్సు సూత్రాలు చెప్పిన మన లాక్షణికులు ల, ళలకు ప్రాసమైత్రి, అంటే ఒకదానికొకటి ప్రాసగా రావడం, ఒప్పుకున్నారు, అంటే మన సడలింపు హల్లుల్లో ఉంది. వారి సడలింపు అచ్చుల్లో ఉంది. ఈ తేడా నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇక అసలు సంగతికి వస్తాను. బి, ఓ, డబ్ల్యూ అని రాసే మాట ధనుస్సు అనే అర్థంలో ‘బో’, వంగి నమస్కరించడం అనే అర్థంలో ‘బౌ’. మొదటిది గో, షో మాటల వరుసలో చేరుతుంది. రెండోది ఆవు అనే కౌ పక్కన చేరుతుంది. వరుస అనే అర్థంలో ‘రో’, గొడవ అనే అర్థంలో ‘రౌ’. విత్తనం చల్లడం ‘సో’, ఆడపంది ‘సౌ’. నడిపించడం ‘లీడ్’ అయి నీడ్‌తో కలుస్తుంది, సీసం ‘లెడ్’ అయి మంచం అనే బెడ్‌తో కలుస్తుంది. కన్నీరు ‘టియర్’ కనుక భయం అనే ఫియర్‌తోను, చింపడం ‘టేర్’ కనుక శ్రద్ధ అనే కేర్‌తోను పోతాయి. చదవడం అనే క్రియకైతే కాలాన్ని బట్టే ప్రాస మారుతుంది: వర్తమానంలో ‘రీడ్’, భూతకాలంలో ‘రెడ్’. ఊనిక కూడా ఇదే పని చేస్తుంది. నమోదు చేయడం అనే క్రియగా రికార్డ్ మాటలో ఊనిక రెండో భాగం మీద పడుతుంది కనుక అది ప్రభువు అనే లార్డ్‌తో ప్రాస కడుతుంది. నామవాచకంగా ఊనిక మొదటి భాగానికి జరుగుతుంది, ఆ ప్రాస పోతుంది.

ఇలా ఎందుకైందో చెబితే పిల్లలకు కూడా ఆసక్తి కలుగుతుంది. సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషు దీర్ఘాచ్చులు క్రమంగా జరిగాయి. ‘ఊ’ ‘ఔ’ అయింది, ‘ఈ’ ‘ఐ’ అయింది. హూస్ హౌస్ అయింది, మూస్ మౌస్ అయింది. వంగడం అనే క్రియలో పూర్వం దీర్ఘమైన ‘ఊ’ ఉండేది కనుక అది బౌ అయింది. ధనుస్సు పేరులో ఉన్నది ఒకారం కనుక అది ఆ దారిన పోలేదు. ఈ మార్పు జరుగుతుండగానే, 1476లో విలియం కాక్స్టన్ లండన్ దగ్గరి వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాయంత్రం పెట్టాడు. వర్ణక్రమం మెల్లగా స్థిరపడింది, పలుకు ముందుకు సాగిపోయింది. పాత కవితల్లో ఇప్పుడు పొసగనట్టు కనిపించే ప్రాసల్లో కొన్ని ఆనాటికి పూర్తి ప్రాసలే. కవి అలెగ్జాండర్ పోప్ పద్దెనిమిదో శతాబ్ది తొలినాళ్లలో టీ అనే మాటను విధేయత అనే ఒబేతో కలిపాడు, ఆ రోజుల్లో దాన్ని ‘టే’ అని పలికేవారు. గాలి అనే విండ్‌ను కవులు చాలాకాలం ‘వైండ్’గా నిలుపుకున్నారు; షెల్లీ 1820లో ప్రచురించిన పడమటి గాలి గీతం ముగింపులో దాన్ని బిహైండ్‌తో ప్రాస కట్టాడు. ఈనాడు మాత్రం గాలి విండ్, చుట్టడం వైండ్. లవ్, మూవ్‌లది కూడా ఇలాంటి కథే: కంటికి ప్రాస, చెవికి కాదు.

పట్టికకు పనికొచ్చే ఒక సూత్రం ఉంది. నామవాచకం చివర నాదం (గొంతులో కంపనం) లేని ధ్వని, క్రియ చివర నాదం ఉన్న ధ్వని వచ్చే జతలు ఇంగ్లీషులో ఎన్నో ఉన్నాయి. సలహా అడ్వైస్, కనుక బియ్యం అనే రైస్‌తో ప్రాస; సలహా ఇవ్వడం అడ్వైజ్, కనుక వివేకవంతుడు అనే వైజ్‌తో ప్రాస. ఉపయోగం యూస్, ఉపయోగించడం యూజ్. నమ్మకం బిలీఫ్, నమ్మడం బిలీవ్. విశేషణానికీ క్రియకూ నడుమ కూడా ఇదే తేడా ఉంటుంది: దగ్గర అనే విశేషణం క్లోస్, మూయడం అనే క్రియ క్లోజ్. మనం మాట్లాడేటప్పుడు వీటిని కలిపేస్తాం కనుక ప్రాస నేర్పేటప్పుడే ఈ తేడాను చెవికి పట్టించాలి.

పై ఉదాహరణల్లో చాలావాటిని తెలుగు లిపిలో రాస్తే తేడా వెంటనే కనిపిస్తుంది, అందుకే ప్రతి మాటకూ తెలుగు లిపిలో ఉచ్చారణ రాయమని నా సూచన. ఒక్కచోట మాత్రం మన లిపి మోసం చేస్తుంది. ఆకారానికీ ఓకారానికీ నడుమ పలికే ఇంగ్లీషు అచ్చుకు మనకు అక్షరం లేదు. అందువల్లే దరఖాస్తు కూడా ఫారమే, కోళ్లను పెంచేదీ ఫారమే అయింది. ఇంగ్లీషులో దరఖాస్తు ఫారం వెచ్చదనం అనే వార్మ్‌తో, తుపాను అనే స్టార్మ్‌తో ప్రాస కడుతుంది. కోళ్ల ఫారం హాని అనే హార్మ్‌తో, చేయి అనే ఆర్మ్‌తో ప్రాస కడుతుంది. డబ్ల్యూ తరువాత వచ్చే అచ్చులు ప్రత్యేకంగా మారాయని ఇక్కడే చెప్పాలి: వెచ్చదనం అనే వార్మ్ హార్మ్‌తో కలవదు, పురుగు అనే వర్మ్ స్టార్మ్‌తో కలవక టర్మ్‌తో కలుస్తుంది, మాట అనే వర్డ్ లార్డ్‌తో కలవక పక్షి అనే బర్డ్‌తో కలుస్తుంది, ఆసుపత్రి వార్డ్ మాత్రం లార్డ్‌తో కలుస్తుంది.

ఓ, యూ, జి, హెచ్‌లతో ముగిసే మాటల గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. అయినప్పటికీ అనే దో, గుండా అనే త్రూ, గట్టిదైన టఫ్, దగ్గు అనే కాఫ్, చెట్టుకొమ్మ అనే బౌ ఒకదానితో ఒకటి కలవవు, వాటిని అయిదు వేర్వేరు వరుసల్లో వేయాలి. నెల అనే మంత్‌కు, ఆరెంజ్‌కు, వెండి అనే సిల్వర్‌కు వాడుకలో ఉన్న మాటల్లో పూర్తి ప్రాస దొరకదు కనుక, వాటిని పట్టికలో వేరే పుటలో పెట్టి, దగ్గరి ప్రాసలు వెతకమని పిల్లలనే అడగవచ్చు.