ఫిలిప్పీ 2:7లో ‘రిక్తునిగా’: దేనినుంచి రిక్తుడు?

నరసాపురం నుంచి ప్రశ్న:

“మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను.” సండేస్కూలు పెద్ద పిల్లలకు ఈ వచనం చెప్పాలండి. రిక్తుడంటే ఖాళీ అయినవాడు అని నిఘంటువులో ఉంది. ఏం ఖాళీ అయింది? దేవత్వమా? అలాగైతే “దేవత్వముయొక్క సర్వపరిపూర్ణత శరీరముగా క్రీస్తునందు నివసించుచున్నది” అన్న కొలొస్సయులకు 2:9తో పొసగదు. ఏమీ ఖాళీ కాలేదంటే మరి ఆ మాట ఎందుకు పడింది? వీళ్లు ఇంటర్ చదివే పిల్లలు, ‘అది మర్మం బాబూ’ అంటే ఊరుకోరు. మాకు విశ్వాస ప్రమాణం వల్లించే అలవాటు లేదు, బ్రదరన్ సహవాసం. కాబట్టి ఏది చెప్పినా వచనంలోంచే చూపించాలి.

పాలకొల్లు (తెలుగు పండితులు):

ముందు మాట సంగతి. రిక్త శబ్దం సంస్కృతంలో ‘రిచ్’ ధాతువుది. విడవడం, ఖాళీ చేయడం దాని అర్థం. రేచకం, విరేచనం, అతిరేకం, వ్యతిరేకం అన్నీ దాన్నుంచి వచ్చినవే. పంచాంగం చూసేవాళ్లకు రిక్త తిథులు తెలుసు: చవితి, నవమి, చతుర్దశి. ముహూర్తాలకు వాటిని పక్కన పెడతారు. మామూలు వాడుకలో మిగిలింది మాత్రం ‘రిక్తహస్తాలతో తిరిగొచ్చాడు’ ఒక్కటే.

ఇప్పుడు ప్రత్యయం చూడండి. అనువాదకులు ‘తన్ను తాను రిక్తము చేసికొనెను’ అనలేదు. ‘రిక్తునిగా’ అని మహద్వాచకం, అంటే మగవాణ్ణి చెప్పే రూపం, వేశారు. పాత్ర రిక్తమైతే ‘దేనినుంచి?’ అని అడగవచ్చు. మనిషి రిక్తుడైతే ఆ ప్రశ్న పుట్టదు. ఏమీ లేనివాడు, పేదవాడు అని అర్థం. అంటే “ఆయన ధనవంతుడైయుండియు మీరు తన దారిద్ర్యమువలన ధనవంతులు కావలెనని, మీ నిమిత్తము దరిద్రుడాయెను” అన్న 2 కొరింథీ 8:9కి ఈ మాట పక్కింటిదే. మీ పిల్లలు ‘ఏం పోయింది?’ అని అడుగుతున్నారు. వచనం చెబుతున్నది ‘ఎవరయ్యాడు?’ అన్నది.

ఇంకొకటి, నా లెక్కలో అసలు చిక్కు ఇదే. వచనంలో రెండు క్త్వార్థకాలున్నాయి, అంటే ‘చేసి’, ‘వెళ్లి’ లాంటి అసమాపక క్రియలు: ‘పుట్టి’, ‘ధరించుకొని’. ఆ తరవాత సమాపక క్రియ, ‘చేసికొనెను’. చదివేవాడికి ఇది మూడు మెట్లలా వినబడుతుంది: ముందు పుట్టాడు, తరవాత దాసుడయ్యాడు, ఆ తరవాత తనలోంచి ఏదో తీసేసుకున్నాడు. మూడో మెట్టు మీద ఏం తీసేశాడో వెతకడం మొదలవుతుంది. కానీ క్త్వార్థకం ఎప్పుడూ వరస చెప్పదు. ‘స్నానం చేసి బడికెళ్లాడు’ అంటే వరస. ‘అప్పు చేసి ఇల్లు కట్టాడు’, ‘కష్టపడి చదివాడు’ అంటే విధానం. కష్టపడటం అయ్యాక పుస్తకం తెరిచాడని కాదు కదండీ. ఇక్కడ రెండోరకం. పిల్లల చేత ‘ఎలా రిక్తుడయ్యాడు?’ అని అడిగించండి. జవాబు అదే వాక్యంలో ఉంది: దాసుని స్వరూపం ధరించుకొని, మనుష్యుల పోలికగా పుట్టి.

రాజమండ్రి (వేదాంత పాఠాలు చెప్పేవారు):

మాస్టారు చెప్పినదానికి గ్రీకు గట్టి సాక్ష్యం. మూలంలో వరస తలకిందులుగా ఉంటుంది: “తన్ను తాను రిక్తుని చేసికొనెను” (ఎకెనోసెన్) ముందు, “దాసుని స్వరూపము తీసికొని” తరవాత, “మనుష్యుల పోలికలో పుట్టి” చివర. తెలుగులో సమాపక క్రియ చివరికి రావాలి గనుక వరస తిరగబడింది. అది అనువాదకుల తప్పు కాదు, మన భాష నడక. గ్రీకులో ప్రధాన క్రియ వెనక వచ్చిన ఆ రెండు అసమాపక రూపాలూ ఆ పని ఎలా జరిగిందో విప్పి చెబుతాయి. పోగొట్టుకోవడం వల్ల కాదు, తీసుకోవడం వల్ల రిక్తుడయ్యాడు.

ఆ క్రియ కొత్త నిబంధనలో ఐదుసార్లే వస్తుంది, ఐదూ పౌలు పత్రికల్లోనే. మిగతా చోట్ల దేన్నో బయటికి ఒంపేసిన అర్థం లేదు. రోమా 4:14లో “విశ్వాసము వ్యర్థమగును”, 1 కొరింథీ 1:17లో “సిలువ వ్యర్థముకాకుండునట్లు”. విలువ లేకుండా చేయడం, లెక్కలోకి రాకుండా చేయడం అన్నమాట. ‘వ్యర్థునిగా చేసికొనెను’ అంటే తెలుగులో తిట్టు అవుతుంది, అందుకే ఇక్కడ రిక్తుడు వచ్చాడు. మంచి ఎంపికే.

ఇక ‘స్వరూపము’. మూలంలో 6, 7 వచనాలు రెండింటిలోనూ ఒకే మాట, మొర్ఫే. తెలుగువాళ్లు రెండుచోట్లా ‘స్వరూపము’ అనే ఉంచారు, ఆ జోడీ చెడగొట్టలేదు: దేవుని స్వరూపము, దాసుని స్వరూపము. మొదటిది నిజమైతే రెండోదీ అంతే నిజం. రెండోది పైపూత అంటే మొదటిదీ పైపూతే అవుతుంది. ‘దేవుని రూపం’ అని ఒకచోట, ‘దాసుని వేషం’ అని ఇంకోచోట మార్చి చెప్పేవాళ్లు ఈ కట్టు తెంపేస్తున్నారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆదికాండం 1:26లో “మన స్వరూపమందు”, కొలొస్సయులకు 1:15లో “అదృశ్యదేవుని స్వరూపి” అన్నచోట తెలుగు మాట ఇదే అయినా కింద ఉన్నది మొర్ఫే కాదు, ప్రతిరూపం అనే అర్థమున్న వేరే మాటలు. తెలుగు పదసూచిక పట్టుకుని ఇవన్నీ ఒకే తాడుకు కడితే ఆదాము కూడా దేవునితో సమానమైపోతాడు!

ఈ ‘ఖాళీ’ ప్రశ్న పాతదే. 449లో రోము బిషప్ లియో రాసిన పత్రం ఈ మాటనే పట్టుకుంది: ఆ రిక్తత కరుణతో వంగడమే గాని శక్తి తరగడం కాదు అని దాని భావం. రెండేళ్లకు, 451లో, కల్కెదోను సభ ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు అని తేల్చి నాలుగు కంచెలు వేసింది: కలిసిపోకుండా, మారకుండా, చీలకుండా, విడిపోకుండా. మొదటి రెండూ స్వభావాలు కలిసి ఒకటైపోయాయన్న యూటికెసు వైపు కంచెలు, తరవాతి రెండూ క్రీస్తును ఇద్దరుగా చీల్చేదని నెస్తోరియు పేరుతో నడిచిన బోధ వైపు. సిరియా, కోప్టు, ఆర్మేనియా సంఘాలు ఆ సూత్రం ఒప్పుకోలేదు. అలాగని వాళ్లను యూటికెసు గాటన కట్టకూడదు, వాళ్లూ అతన్ని తోసిపుచ్చినవాళ్లే.

పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ లూథరన్ పండితుడు థొమాసియుసు నిజంగానే ‘ఏం వదిలాడు?’ అని పట్టిక వేశాడు. ప్రేమ, పరిశుద్ధత, సత్యం ఉంచుకున్నాడు. సర్వశక్తి, సర్వజ్ఞత, సర్వవ్యాపకత్వం పక్కన పెట్టాడు అన్నాడు. మన వేదికల మీద “తన శక్తులన్నీ పరలోకంలో వదిలి వచ్చాడు” అని వినబడేది ఈ ఆలోచన చౌక రూపం. వచనంలో ఆ క్రియకు ‘తన్ను’ తప్ప వేరే కర్మ లేదు. పట్టిక మనం తెచ్చి పెట్టుకున్నదే.

అమలాపురం:

దృష్టాంతాల దగ్గరే ఎక్కువ మంది జారతారు, అది కూడా చెప్పుకుందాం. మనవైపు ప్రసంగాల్లో తిరిగేవి నాలుగైదే.

రాజు బిచ్చగాడి వేషం వేసుకుని ఊళ్లోకి వచ్చాడన్నది మొదటిది. ‘ధరించుకొని’ అన్న మాట చూసి ఇది చెబుతారు. ఆ రాజుకు ఆకలేస్తే కోటకు వెళ్లిపోవచ్చు, దెబ్బ తగిలితే వేషం తీసేయవచ్చు. అంటే మానవత్వం ఉత్త తెర. మొదటి శతాబ్దాల్లో ‘అలా కనిపించాడంతే’ అన్నవాళ్ల వాదం సరిగ్గా ఇదే. 1 యోహాను 4:2 “శరీరధారియై వచ్చెనని” ఒప్పుకోవాలనేది ఇలాంటి మాటలకు విరుగుడు.

మనిషి ఒళ్లు, లోపల దేవుని ఆత్మ అనేది రెండోది. వినడానికి నున్నగా ఉంటుంది, చాలామంది విశ్వాసులు దీన్నే సరైనదనుకుంటారు. ఇది నాలుగో శతాబ్దపు అపొల్లినారిసు బోధ, 381 కుస్తుంతునియ సభ కాదన్నది. మనిషి మనసు లేకపోతే ‘జ్ఞానమందును వయస్సునందును వర్ధిల్లుట’ (లూకా 2:52) ఎక్కడ? గెత్సేమనేలో “నా యిష్టప్రకారము కాదు” అన్నప్పుడు ఆ ఇష్టం ఎవరిది? అదే శతాబ్దపు బిషప్ నజియాంజు గ్రెగొరీ దీనికిచ్చిన జవాబు చిన్నది: ఆయన తీసుకోనిది బాగుపడనూ లేదు.

సగం దేవుడు, సగం మనిషి అన్నది మూడోది. అంతర్వేది దగ్గర ఉన్నాం గనుక నరసింహస్వామితో పోల్చి చెప్పేవాళ్లూ ఉన్నారు. అది వాళ్ల నమ్మకానికీ న్యాయం చేయదు, మన నమ్మకానికీ కుదరదు. ఇక్కడ చెప్పేది సగాలు కాదు, రెండూ సంపూర్ణాలే.

పాలల్లో నీళ్ల పోలిక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కలిస్తే మూడోది తయారవుతుంది, కల్కెదోను కంచెల్లో మొదటి మాట ‘కలిసిపోకుండా’యే దాన్ని అడ్డుకుంటుంది.

నన్నడిగితే దృష్టాంతం మానేయడమే మేలు. యోహాను 4లో బావి దగ్గర అలసి కూర్చున్నాడు, అదే అధ్యాయంలో ఆ స్త్రీ గతం చెప్పేశాడు. మార్కు 4లో దోనె అమరమున తలగడ మీద నిద్రపోయాడు, లేచి గాలిని గద్దించాడు. రెండూ చేసింది ఒక్కడే. పిల్లలకు ఇది చాలు.

నరసాపురం:

చాలా స్పష్టంగా ఉందండి, ధన్యవాదాలు. ఒక అనుమానం మిగిలింది. ‘యేసు మానవత్వం’ అని బోర్డు మీద రాస్తే పిల్లలు ఆయన జాలిగుణం అనుకుంటున్నారు. వేరే మాట ఉందా?

భీమవరం:

ఆ ఇబ్బంది నిజమే. ‘నీకు మానవత్వం ఉందా?’ అని తిట్టుకునే కాలంలో ఆ మాట దయకు అంకితమైపోయింది. ‘మనుష్యత్వం’ అనండి, లేదా ‘మానవ స్వభావం’. అటువైపు ‘దేవత్వం’. ‘దైవత్వం ఉట్టిపడింది’ అని గాయకుల గురించి కూడా రాస్తున్నారు కాబట్టి కొలొస్సయుల పత్రికలో ఉన్న ‘దేవత్వము’ మేలు. ‘అవతారం’ మాట పాటల్లో ఉంది, తీసేయమనను. క్లాసులో వాడితే మాత్రం ఒక వాక్యం కలపండి: ఇది మళ్లీ మళ్లీ వచ్చేది కాదు, పని అయ్యాక విప్పేసేదీ కాదు. 1 తిమోతి 2:5లో పునరుత్థానం అయ్యాక కూడా “ఆయన క్రీస్తుయేసను నరుడు” అనే ఉంది. 

వాడుక భాషలో వచనం చెప్పేటప్పుడు రెండు మాటలు తప్పించండి. ‘తన్ను తాను ఖాళీ చేసుకున్నాడు’: తెలుగులో ఖాళీ చేసేది అద్దె ఇల్లు. ‘తన దైవత్వాన్ని వదులుకున్నాడు’: వచనంలో లేని కర్మను చేర్చినట్టు. నేనైతే ఇలా చెబుతాను: “ఆయన దేవుని స్వరూపంలో ఉన్నవాడే. అయినా దేవునితో సమానంగా ఉండటాన్ని తన లాభానికి పట్టుకు కూర్చోలేదు. దాసుని స్వరూపం తీసుకుని, మనుషుల్లో మనిషిగా పుట్టి, అలా తనను తానే ఏమీ లేనివాణ్ణి చేసుకున్నాడు.”

పాలకొల్లు:

ఆ ‘అలా’ బాగుందమ్మా. క్త్వార్థకం విధానం చెబుతోందని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ‘అయినా’ గురించి మాత్రం చిన్న పేచీ. 2 కొరింథీ 8:9లో “ధనవంతుడైయుండియు”, హెబ్రీ 5:8లో “కుమారుడైయుండియు” అని ‘యు’ కనబడుతుంది. ఫిలిప్పీ 2:6లో “దేవుని స్వరూపము కలిగినవాడైయుండి” అంతే, ‘యు’ లేదు. ‘అయినప్పటికీ’ అన్న అర్థం పాఠంలో లేదు, మనం చేరుస్తున్నాం.

రాజమండ్రి:

గ్రీకులోనూ అంతే, ‘ఉండి’ మాత్రమే. ‘దేవుడైయుండి కూడా’ అని కొందరు తీసుకుంటారు, ‘దేవుడు కాబట్టే’ అని మరికొందరు. రెండో పక్షం మాట వింటే తగ్గించుకోవడం దేవుని స్వభావానికి విరుద్ధం కాదు, ఆయన స్వభావమే అలాంటిది అవుతుంది. తెలుగు పాఠం రెండిటికీ తలుపు తెరిచే ఉంచింది. పిల్లలకు ‘అయినా’ తీసేసి చెప్పండి, ఏ పక్షమో వాళ్లనే అడగనివ్వండి.

నరసాపురం:

ఆయ్, అలాగేనండి. 8వ వచనంలో “ఆకారమందు మనుష్యుడుగా కనబడి” అని ఉంది. ఈ ‘కనబడి’ చూసి ఎవడో ఒకడు ‘కనబడ్డాడంతేనా, కాదా?’ అంటాడు. ఏం చెప్పను?

రాజమండ్రి:

అక్కడి గ్రీకు మాటకు ‘కనుగొనబడి’ అని అర్థం. చూసినవాళ్లకు, తిరిగినవాళ్లకు, పరీక్షించినవాళ్లకు మనిషిగానే తేలాడు అని. భ్రమ అనే ఛాయ ఆ క్రియలో లేదు. ‘ఆకారము’ అన్నది పైకి తెలిసే తీరు: నడక, ఆకలి, నిద్ర, చెమట. ‘అన్నివిధాలా మనిషేనని తేలి’ అని చెప్పి, వాక్యం అక్కడ ఆపకుండా “సిలువ మరణము పొందునంతగా” దాకా ఒక్క గుక్కలో చదివించండి. కనబడటం మాత్రమే అయితే చావలేడు కదా.