సిగ్నస్ ఎక్స్‌-1 (హంస నక్షత్రమండలంలోని బ్లాక్ హోల్) తోడు తారని బైనాక్యులర్‌లో పట్టినవాళ్లున్నారా?

కళింగతీరం:
మొన్న అమావాస్యకి 10×50 బైనాక్యులర్ పట్టుకుని కళింగపట్నం బీచ్‌కి పోయాను. డెనెబ్ తార నుంచి హంస మెడ వెంబడి దిగితే ఈటా సిగ్ని అనే తార దొరికింది. దానికి చందమామ వెడల్పంత దూరంలో మన తార ఉండాలి. మసక చుక్కలు మూడో నాలుగో కనబడ్డాయి, ఏది ఏదో తేలలేదు. పైగా ఉప్పుగాలికి నిమిషానికోసారి అద్దం తుడుచుకోవడమే పని.

విజయనగరం మేస్టారు:
చేత్తో పట్టుకుంటే అంతేనండి. దాని ప్రకాశం 8.9 (ఈ అంకె పెరిగేకొద్దీ తార మసక), చెయ్యి వణికితే ఇంకేం కనబడుద్ది? నేను రామతీర్థం వైపు పోయి, స్టాండు మీద బిగించి చూశాను. చూసింది బ్లాక్ హోల్‌ని కాదు, దాని చుట్టూ 5.6 రోజులకోసారి తిరిగే నీలి మహాతారని. పిల్లలకి నేను కళ్లం లెక్కన చెప్తాను. తూర్పారబడుతుంటే గాలివాటున నిలబడినోడి ఒళ్లంతా పొట్టే కదా? ఆ తార విసిరే గాలిలో కొంత బ్లాక్ హోల్ లాక్కుంటుంది. పడే వాయువు లోపలికి పోయే ముందు కోట్ల డిగ్రీలకి కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. అవి మన గాలి పొర దాటి కిందికి రావు, అందుకే 1964లో రాకెట్ ఎగరేస్తే గానీ ఇదొకటుందని తెలీలేదు.

జీడితోట పలాస:
నేను చూసింది 2018 అక్టోబరులో, తిత్లీ తుఫాను తర్వాత. రోజుల తరబడి కరెంటు లేదు, చంద్రుడు సన్నగా ఉండి పెందలాడే దిగిపోయేవాడు. అంత నల్లటి ఆకాశం మళ్లీ చూళ్లేదు. తోటలో చెట్లన్నీ పడుంటే నువ్వు చుక్కలు లెక్కెడతన్నావేట్రా అని మా నాన్న తిట్టాడు. ఆయన మాటా నిజమే.

డిగ్రీ ఫైనలియర్:
నాకు బైనాక్యులర్ లేదు, లాప్‌టాప్ ఉంది. అంతరిక్ష కేంద్రం మీదున్న మాక్సి అనే ఎక్స్‌రే పరికరం డేటా ఎవరైనా దించుకోవచ్చు. వెలా ఎక్స్‌-1 అనే ఇంకో జంటని తీసుకున్నాను. అందులో న్యూట్రాన్ తార (పెద్ద తార పేలిపోయాక మిగిలే చిన్న గట్టి ముద్ద) తొమ్మిది రోజులకోసారి పెద్ద తార వెనక్కి పోతుంది, ఎక్స్‌రేలు పడిపోతాయి. ఏడాది డేటాని 9 రోజుల ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి పేర్చాను. గొయ్యి కనబడాల్సిన చోట అంతా అలికేసినట్టు వచ్చింది! రెండు రాత్రులు కోడ్‌ని తిట్టుకున్నాక తెలిసింది, అసలు కాలం 8.964 రోజులు. ఏడాది తిరిగేసరికి ఒకటిన్నర రోజు తేడా పేరుకుపోతుంది. అంకె మార్చగానే గ్రహణం గొయ్యి నిట్టనిలువుగా దిగింది.

కళింగతీరం:
తమ్ముడూ, మరి సిగ్నస్‌లో అలాంటి గొయ్యి ఎందుకు రాదు?

డిగ్రీ ఫైనలియర్:
అన్నా, దాని కక్ష్యని మనం పక్క నుంచి కాదు, చాలావరకు పైనుంచి చూస్తున్నాం. అందుకే పెద్ద తార అడ్డురాదు. వెలాలో 283 సెకన్లకోసారి ఎక్స్‌రే మిణుకు కూడా ఉంటుంది. అది న్యూట్రాన్ తార తన చుట్టూ తాను తిరిగే కాలం. బ్లాక్ హోల్‌కి ఉపరితలమే లేదు కాబట్టి అలా క్రమంగా మిణకదు.

విజయనగరం మేస్టారు:
వెలా తోడు తార ప్రకాశం 6.9, సిగ్నస్ కంటే చాలా సుళువు. మార్చిలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన చూడండి, మన దగ్గర ముప్ఫై డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఢిల్లీ వాళ్లకి మనకంటే చాలా కిందుగా ఉంటుంది లెండి.

కళింగతీరం:
అయితే మార్చి అమావాస్యకి మళ్లీ బీచ్‌కే. శ్రీకాకుళం టౌన్‌లో స్టాండు అరువిచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఇసక దులిపి మరీ తిరిగిస్తాను.