చామనఛాయ స్కిన్‌కి వేరే బేస్ గీయాలా, లేత బేస్‌కే రంగు దించితే సరిపోతుందా?

శ్రావ్య_స్కిన్స్

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ 3డీ లోకంలో అవతార్లకి స్కిన్లు (చర్మం బొమ్మలు) చేసేవాళ్ళనీ, కొనేవాళ్ళనీ ఇద్దర్నీ అడుగుతున్నా. ఈమధ్య ఒక షాపులో 12 టోన్ల ఫ్యాట్‌ప్యాక్ (అన్ని టోన్లూ కలిపి అమ్మే ప్యాక్) తీసుకున్నాను. షాపు పేరు అనవసరం, ఇలాంటివి బోలెడున్నాయి. మొదటి ఐదారు టోన్లు చూస్తే ముచ్చటేసింది. తొమ్మిదో టోన్ వేసుకుని కెమెరాని చేతి దగ్గరికి తీసుకెళ్ళా. అరచేయీ ముంజేయీ ఒకే రంగు. మోచేయి, వేళ్ళ కణుపులు, అన్నీ అదే రంగు. పెదవులు లేత టోన్‌లో ఉన్న గులాబీవే, కాకపోతే కాస్త మురికి పట్టినట్టున్నాయి. ముక్కు మీద మెరుపు ఉండాల్సిన చోట విభూతి రాసినట్టుంది. అమ్మినాయన్ని అడిగితే, బేస్ ఒకటేనండీ, టోన్ మాత్రమే మారుతుంది, అందరూ ఇలాగే చేస్తారు అన్నాడు. బేస్ అంటే టోన్ మార్చకముందు గీసుకునే మూల బొమ్మ.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. 2003లో లిండెన్ ల్యాబ్ మొదలుపెట్టిన ఈ లోకంలో అవతార్ చర్మం అంటే మూడు బొమ్మలు: తల, నడుము పైభాగం, కింది భాగం. బల్లపరుపుగా పరిచిన టెంప్లేట్ మీద గీసి ఎక్కిస్తే అవి ఒంటికి చుట్టుకుంటాయి. మెష్ బాడీలు (విడిగా కొని తొడుక్కునే 3డీ ఒళ్ళు) వచ్చాక చాలా ఏళ్ళు, వాటికి స్కిన్ అంటించే అప్లయర్లతో తిప్పలు పడ్డాం. 2019లో బేక్స్ ఆన్ మెష్ అనే సదుపాయం వచ్చాక స్కిన్, టాటూ, మేకప్ లేయర్లన్నీ కలిసి ఒకే బొమ్మగా మెష్ ఒంటికే అంటుకుంటున్నాయి. అంటే ఇప్పుడు దగ్గరికెళ్ళి చూస్తే ప్రతి లోపమూ కనిపిస్తుంది.

నా మాట ముందే చెప్పేస్తున్నా. చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న టోన్లకి వేరే బేస్ గీయాల్సిందే. గీయలేకపోతే ఆ టోన్లు అమ్మకూడదు.

నైట్‌షిఫ్ట్_రాజు

మేడం, అమ్మేవాళ్ళ వైపు నుంచి కూడా కాస్త వినండి. ఒక్క స్కిన్ అంటే మీరు చెప్పిన మూడు బొమ్మలతో అయిపోదు. తలకి పాత యూవీ (బొమ్మ ఒంటికి ఎలా చుట్టుకోవాలో చెప్పే పరుపు) ఒకటి, లెలూట్కా కంపెనీ మెష్ తలలకి వాడే ఎవోఎక్స్ యూవీ ఇంకొకటి. ఒక్కోదానికి కనుబొమలున్నది, లేనిది. అంటే నాలుగు తలలు, పైభాగం, కింది భాగం, వెరసి ఆరు. పన్నెండు టోన్లకి 72. 1024 పిక్సెళ్ళ బొమ్మకి 10 లిండెన్ల (అక్కడి డబ్బు) చొప్పున అప్‌లోడ్ ఖర్చు 720, దాదాపు మూడు డాలర్లు, అంతే. అసలు ఖర్చు అది కాదు. మెడ దగ్గరా నడుము దగ్గరా అతుకు కనపడకుండా రంగు కలపాలి కదా, అక్కడ రాత్రుళ్ళు పోతాయి. ఒకే బేస్ అయితే ఒకసారి కలిపితే అన్ని టోన్లకీ కలిసినట్టే. రెండో బేస్ పెడితే ఆ పనంతా మళ్ళీ మొదటి నుంచి.

పైగా నా దగ్గర డార్క్ టోన్లు కొనేవాళ్ళు తక్కువ. ఉన్నమాట చెప్తున్నా, తిట్టకండి.

ఉప్పాడ_బ్రష్

రాజు గారూ, అతుకుల బాధ నాకూ తెలుసు. కానీ టోన్ దించడానికి వాడే మల్టీప్లై లేయర్ (కింది రంగుని పై రంగుతో గుణించేది) ఏం చేస్తుందో ఒకసారి లెక్క వేసి చూడండి. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, లేత బేస్‌లో బుగ్గ ఎముక మీద వెలుగు 240, దాని కింద నీడ 180 అనుకుందాం. మధ్యలో తేడా 60. దాని మీద 120 విలువున్న గోధుమరంగు మల్టీప్లైలో పెడితే 240 కాస్తా 113 అవుతుంది, 180 కాస్తా 85. తేడా 28కి పడిపోయింది. ముఖం చదునైపోవడానికి కారణం ఇదే. అప్పుడు మనవాళ్ళు కర్వ్స్ టూల్‌తో కాంట్రాస్ట్ లాగుతారు. లాగేసరికి ఫొటోలో ఉన్న మచ్చలు, జేపెగ్ చారికలు అన్నీ పైకి తేలతాయి. శ్రావ్య గారు చూసిన మురికి అదే అయ్యుంటుంది.

నేను చేత్తోనే గీస్తాను కాబట్టి నాకు రెండో బేస్ పెద్ద భారం అనిపించదు. ఫొటోలు అతికించి చేసేవాళ్ళకి కష్టమే.

నైట్‌షిఫ్ట్_రాజు

లెక్క బాగుంది కానీ సగమే చెప్పారు. 240కి 180 ఎంతో, 113కి 85 కూడా అంతే, నాలుగుకి మూడు. నీడ అంటేనే గుణకారం కదండీ. నల్లటి గోడ మీదా తెల్లటి గోడ మీదా ఒకే నీడ పడితే రెండూ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. కాబట్టి మల్టీప్లై తప్పు కాదు. కాంట్రాస్ట్ లాగేవాళ్ళది తప్పు.

కెమెరా_కిట్టు

రాజన్నా, నీడ వరకూ నువ్వు చెప్పింది కరెక్టే. మెరుపు దగ్గరే దెబ్బతింటావు. చర్మం మీద వెలుగు రెండు రకాలుగా తిరిగొస్తుంది. కొంత లోపలికెళ్ళి, రంగు పట్టించుకుని బయటికొస్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎంత ఎక్కువుంటే ఇది అంత తగ్గుతుంది, దీనికి మల్టీప్లై సరిపోతుంది. ఇంకొంత లోపలికి పోకుండా పైనున్న నూనె, చెమట పొర మీంచే జారిపోతుంది. దానికి మెలనిన్‌తో సంబంధం లేదు. తెల్లటి ముక్కు మీద ఎంత మెరుపో, నల్లటి ముక్కు మీదా దాదాపు అంతే మెరుపు. కిందున్న రంగు ముదురు కాబట్టి నల్లటి చర్మం మీద అది ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఎండలో క్రికెట్ ఆడొచ్చినవాళ్ళ నుదురు చూడు.

ఇప్పుడు లేత బేస్‌లో మెరుపు గీసేసి, మొత్తానికి కలిపి మల్టీప్లై కొడితే ఆ మెరుపు కూడా సగానికి పడిపోతుంది. తెల్లగా తళుక్కుమనాల్సింది బూడిద రంగు అవుతుంది. ఆ విభూతి అక్కణ్ణించే వచ్చింది.

అందుకని నేనైతే బేస్ రెండు ఉండాలనను. బేస్‌లో మెరుపు ఉండకూడదంటాను. మెరుపుని వేరే లేయర్‌లో, టోన్ లేయర్‌కి పైన పెట్టు. బుగ్గల ఎరుపు, పెదవులు, అరచేతులు, అరికాళ్ళకి వేరే మాస్కులు (రంగు ఆ చోటు వరకే పడేలా చేసేవి) పెట్టు. బేస్ ఒకటే ఉన్నా ఒళ్ళు సరిగ్గా వస్తుంది.

శ్రావ్య_స్కిన్స్

కిట్టు గారూ, మీరు చెప్పినంత శుభ్రంగా ఉన్న బేస్ ఎవరి దగ్గరుంది? అమ్ముతున్నవాటిలో చాలావరకు స్టాక్ ఫొటోల నుంచి తీసినవే. స్టూడియో లైట్ల కింద లేత చర్మం మోడళ్ళు. మెరుపు, ఎరుపు, రంధ్రాల నీడ అన్నీ కలిసిపోయి వస్తాయి. వాటిని విడదీయడం కన్నా కొత్తగా గీయడం తేలిక. పైగా ముదురు చర్మంలో తేడాలు వేరే చోట్ల ఉంటాయి. మోచేతులు, మోకాళ్ళు, మెడ మడతలు, కంటి చుట్టూ ముదురుగా ఉంటాయి. చాలామందికి పై పెదవి ముదురుగా ఉంటుంది, కింది పెదవి మధ్యలో గులాబీ కనపడుతుంది. లేత బేస్‌లో ఈ సమాచారమే లేనప్పుడు ఏ మాస్కు పెట్టి బయటికి తీస్తారు?

కెమెరా_కిట్టు

ఫొటోలు మనమే తీసుకుంటే సరి. మబ్బు పట్టిన రోజు వరండాలో మా అమ్మ చేతులు తీశాను, అరచేతి గీతల్లో ముదురు రంగు ఎంత చక్కగా వచ్చిందో. లోపల తీయాలంటే లైటు ముందు ఒక పోలరైజర్ షీటు, లెన్స్ ముందు ఇంకొకటి పెట్టి, రెండోదాన్ని అడ్డంగా తిప్పితే మెరుపు మొత్తం పోతుంది, రంగు మాత్రమే మిగులుతుంది. సినిమా వీఎఫ్‌ఎక్స్‌లో ముఖాలు స్కాన్ చేసేవాళ్ళు వాడే పద్ధతే ఇది. మనుషుల్ని అడిగి తీయండి, వాళ్ళ చర్మం అమ్ముతున్నామని చెప్పి మరీ తీయండి.

మెష్_మల్లిక

మెరుపు గీయాలా వద్దా అన్నదాని మీద ఇంకో మాట. పీబీఆర్ (వెలుగు పడే తీరుని నిజంలా లెక్కగట్టే పద్ధతి) వచ్చాక మెరుపుని ఇంజనే చూసుకుంటుంది, స్కిన్‌లో గీయడం పాత పద్ధతి అని కొందరు అంటున్నారు. అది సగమే నిజం. బేక్స్ ఆన్ మెష్ రంగు ఒక్కదాన్నే బేక్ చేస్తుంది. మెటీరియల్స్ దాంట్లో రావు. మెరుపు మ్యాపు బాడీ హడ్ (తెర మీద కనపడే బటన్ల ప్యానెల్) నుంచి విడిగా వేసుకోవాలి, కొన్నవాళ్ళలో ఎంతమంది అంత ఓపిక పడతారు? పాత వ్యూయర్లలో (సెకండ్ లైఫ్ తెరిచే సాఫ్ట్‌వేర్) అడ్వాన్స్‌డ్ లైటింగ్ అనే సెట్టింగ్ ఆపేసుకుని తిరిగేవాళ్ళ కోసం మనం మెరుపులు గీసేవాళ్ళం. పీబీఆర్ వ్యూయర్‌లో ఆ లైటింగ్‌ని ఆపే వీలే లేదు. కాబట్టి నా ఓటు పలచగా గీయడానికి. మొత్తం మానేస్తే ముఖం మట్టిబొమ్మలా ఉంటుంది.

డెమో ఫొటోల సంగతి కూడా చెప్పుకోవాలి. షాపు బోర్డు మీద ఫొటో ఎప్పుడూ మెత్తని తెల్లటి వెలుగు ప్రీసెట్‌లో తీస్తారు, ముఖానికి ఫేస్‌లైట్ తగిలించి మరీ. ఆ వెలుగులో ఏ టోన్ అయినా బాగుంటుంది. మామూలు మధ్యాహ్నం సెట్టింగ్‌లో ఆకాశం నీలం అంతా నీడల్లోకి దిగుతుంది. పసుపు తక్కువున్న ముదురు టోన్లు అక్కడ నీలంగా, జబ్బు చేసినట్టు కనపడతాయి. కొనేముందు డెమో వేసుకుని మధ్యాహ్నం, సాయంత్రం రెండూ పెట్టి చూడండి.

చేసేవాళ్ళకి ఖర్చు భయం అక్కర్లేదు. లోకల్ టెక్స్చర్ పెట్టుకుంటే మీ కంప్యూటర్‌లో ఫైలు సేవ్ చేసినప్పుడల్లా అవతార్ మీద మారిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. పక్కవాళ్ళకి కూడా కనపడాలంటే టెస్ట్ గ్రిడ్‌లో (పరీక్షల కోసం పెట్టిన వేరే లోకం) ఎక్కించండి. దాని పేరు అదితి, మనం రోజూ తిరిగే అసలు గ్రిడ్ పేరు అగ్ని. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని ఈ పేర్లు పెట్టిందెవరో గానీ, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

అరసున్న

మీరంతా లేయర్ల దగ్గరే ఆగిపోయారు. టోన్ల వరసే ఎవరు పెట్టారో చూడండి. పన్నెండింటిలో ఎనిమిది లేతవి. పాలు, మీగడ, దంతం, పీచ్ అంటూ ఒక్కో మెట్టుకీ ఒక్కో పేరు. తర్వాత ఒక్క దూకుడుతో గోధుమ నుంచి నలుపు దాకా నాలుగే. వైద్యంలోనూ ఇదే కథ. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు మొదలైనప్పుడు తెల్ల చర్మానికి ఎండ ఎంత తగులుతుందో చూడటానికి నాలుగు రకాలే ఉండేవి, గోధుమ, నల్ల చర్మాలని తర్వాత చివర తగిలించి ఆరు చేశారు. 2022లో గూగుల్ బయటపెట్టిన మాంక్ స్కేలులో పది మెట్లున్నాయి, ముదురు వైపు కూడా మెట్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. హార్వర్డ్ సమాజశాస్త్రవేత్త ఎలిస్ మాంక్‌తో కలిసి చేశారు, ఎవరైనా వాడుకోవచ్చు. టోన్లు ఎంచుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకుంటే తప్పేంటి?

రాజు గారు డార్క్ టోన్లు పోవడం లేదంటున్నారు. విభూతి ముక్కున్న స్కిన్ ఎవరు కొంటారండీ? కొనట్లేదని బాగా చేయరు, బాగా లేదని కొనరు.

నైట్‌షిఫ్ట్_రాజు

అరసున్న గారూ, మనవాళ్ళ సంగతి కూడా చెప్పుకుందాం. హైదరాబాద్ నుంచి, డాలస్ నుంచి లాగిన్ అయ్యే తెలుగువాళ్ళని చూశాను. సొంత రంగు వేసుకునేవాళ్ళు తక్కువ. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది గానీ, పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్న మారలేదు. ఆ కోరికని నా స్కిన్ షాపు పుట్టించలేదు.

శ్రావ్య_స్కిన్స్

పుట్టించారని నేనూ అనలేదు. ఎవరికి ఏ రంగు కావాలో వాళ్ళిష్టం, నీలంరంగు ఒళ్ళు వేసుకుని తోక తగిలించుకున్నవాళ్ళతో కూడా కబుర్లు చెప్తాను. నా గోల ఇష్టం గురించి కాదు. డబ్బు తీసుకుని ఇచ్చిన సరుకు గురించి.

ఉప్పాడ_బ్రష్

నాకో ఆలోచన. డార్క్ టోన్లని వేరే బేస్‌తో గీసి, వేరే ప్యాక్‌గా, కాస్త ఎక్కువ ధరకి పెడితే? కష్టం ఎక్కువ కాబట్టి రేటూ ఎక్కువ.

శ్రావ్య_స్కిన్స్

నలుపు కాబట్టి ఎక్కువ కట్టమంటారా? అస్సలు ఒప్పుకోను. పెంచితే మొత్తం ఫ్యాట్‌ప్యాక్ ధరే పెంచండి.

నైట్‌షిఫ్ట్_రాజు

అప్పుడు లేత టోన్ కొనేవాళ్ళు, తాము వాడని పనికి ఎందుకు కడతారండీ?

శ్రావ్య_స్కిన్స్

ఇన్నేళ్ళూ ప్యాక్‌లో వాడని ఎనిమిది లేత టోన్లకి మేం కట్టలేదా?

నైట్‌షిఫ్ట్_రాజు

దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా రెండు బేస్‌ల మాటకి నేను ఒప్పుకోవడం లేదు. కిట్టు చెప్పినట్టు మెరుపుని వేరే లేయర్‌కి తీసి, అరచేతులకి మాస్కు పెట్టి, తొమ్మిదో టోన్ ఒక్కటే మళ్ళీ చేశాను. డెమో షాపులో పెట్టాను, సున్నా లిండెన్లు. మల్లిక గారన్నట్టు మధ్యాహ్నం సెట్టింగ్‌లోనే చూసి చెప్పండి. పెదవులు ఇంకా పాతవే ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడే మొదలుపెట్టకండి.