ఫీల్డ్ మధ్యలో ఫుట్‌పాత్ ఉంటే గుర్రాలు బయటికి పోకుండా ఏం చేయాలి? (లివరీ యార్డ్, ఇంగ్లండ్)

వాణి_కోవెంట్రీ:

నమస్కారం అండీ. యూకేలో గుర్రాలు పెంచే తెలుగువాళ్ళు ఇక్కడ కొందరున్నారని చూసి రాస్తున్నాను.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. దానికో తెల్ల పోనీ (పొట్టి జాతి గుర్రం) ఉంది, పేరు మింటీ. ఊరి బయట ఒక లివరీ యార్డ్‌లో, అంటే అద్దె తీసుకుని గుర్రాల్ని ఉంచుకోనిచ్చే చోట, పెట్టాం. డీఐవై (మన పని మనమే చేసుకునే) పద్ధతి, అంటే స్టేబులూ ఫీల్డూ వాళ్ళవి. నెలకింత అని అద్దె కడతాం. మేత వేయడం, పేడ ఎత్తడం, పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసుకోవడం మాదే. యార్డ్‌లో మొత్తం ఇరవై దాకా గుర్రాలున్నాయి, అన్నిటికీ వేరువేరు యజమానులు.

అసలు సంగతేంటంటే, మింటీ ఉండే ఫీల్డ్‌కి అడ్డంగా పబ్లిక్ ఫుట్‌పాత్, అంటే ఎవరైనా నడిచే హక్కున్న కాలిబాట, పోతుంది. కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లలు, ఆదివారం నడకకొచ్చే గుంపులు అందరూ దాంట్లోంచే వెళ్తారు. దాని చివర ఉన్నది మామూలు ఇనుప గేటు, దానికో గొళ్ళెం. పోయిన నెల ఎవరో వేయకుండా వెళ్ళిపోయారు. నాలుగు గుర్రాలు బయటికొచ్చి పక్క రైతు పొలంలో తేలాయి. అటు తిరిగాయి కాబట్టి సరిపోయింది. సందులోకి తిరిగి ఉంటే అర మైలు దూరంలో కార్లు అరవై మైళ్ళ వేగంతో పోయే రోడ్డుంది. ఆ రాత్రి అమ్మాయి నిద్రపోలేదు, నేనూ పోలేదు.

ఇప్పుడు యార్డ్‌లో రోజూ ఇదే చర్చ. యజమాని గేటుకి తాళం వేసేస్తానంటున్నాడు. ఫుట్‌పాత్‌కి తాళం వేయడం చట్టవిరుద్ధమని ఒకావిడ అంటోంది. తాళాలు వేస్తే మంటలు అంటుకున్న రోజు గుర్రాల్ని ఎలా తీస్తారని ఇంకొకాయన. పక్క ఊళ్ళో ఒక యార్డ్‌లో జీన్లు, కళ్ళేలు ఎత్తుకుపోయారు కాబట్టి దొంగల భయం కూడా ఉంది.

మా నాన్నగారి ఊళ్ళో గేదె ఎవరి చేలోనైనా పడితే బందెలదొడ్డిలో కట్టేసేవాళ్ళు. జరిమానా కట్టి తోలుకొచ్చుకునేవాళ్ళం, గొడవ అక్కడితో పోయేది. ఇక్కడ గుర్రం రోడ్డెక్కితే దాని ప్రాణంతో పాటు కారులో ఉన్న మనిషి ప్రాణం కూడా పోవచ్చు. మా అమ్మాయి సరదా కోసం పెట్టుకున్న జంతువు వల్ల ఇంకొకరింట్లో అలాంటిది జరగకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి, ముందు ఏం చేయాలి?

రవి_యార్క్‌షైర్:

వాణి గారూ, నేను ఇక్కడ ఒక పెద్ద యార్డ్‌లో పనిచేస్తాను. గేట్లూ కంచెలూ చూసేది నేనే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆవిడ చెప్పింది నిజం. ఫుట్‌పాత్ మీది గేటుకి తాళం వేస్తే దారికి అడ్డం పెట్టినట్టే, 1980 హైవేస్ చట్టం కింద నేరం. ఆ ఆలోచన పూర్తిగా మానేయమనండి. అయితే తాళం వేయలేకపోతే గుర్రాల్ని కాపాడలేమని కాదు. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఆ గేటు వేయడం మర్చిపోతారు. అది జరుగుతుందనుకునే ఏర్పాటు చేసుకోవాలి. ఒక్క గేటు తెరిచి ఉన్నంత మాత్రాన గుర్రం రోడ్డు దాకా వెళ్ళగలిగితే లోపం ఆ ఏర్పాటులోనే ఉంది.

అందుకని ఫుట్‌పాత్‌కి రెండువైపులా కంచె వేసి, దాన్ని ఫీల్డ్ నుంచి విడదీయండి. నడిచేవాళ్ళు ఆ సందులోంచి వెళ్ళిపోతారు, గుర్రాలకీ వాళ్ళకీ సంబంధం ఉండదు. దారి వెడల్పు ఎంత వదలాలో కౌన్సిల్‌లో ఫుట్‌పాత్‌లు చూసే విభాగాన్ని అడిగి తెలుసుకోండి, ఇరుకు చేస్తే అదీ తప్పే. చివర ఇప్పుడున్న గేటు బదులు, వదలగానే దానంతటదే మూసుకునే చిన్న గేటు పెట్టించండి. దానికి కూడా కౌన్సిల్ అనుమతి కావాలి. పశువులు బయటికి పోకుండా అని కారణం రాస్తే సాధారణంగా అభ్యంతరం పెట్టరు.

కొయ్య కంచె ఖరీదు ఎక్కువ. మొదట ఎలక్ట్రిక్ టేప్‌తో, అంటే కరెంటు పారే కంచె పట్టీతో, చేయొచ్చు. జనం నడిచే దారి పక్కన కాబట్టి పసుపు రంగు హెచ్చరిక బోర్డులు తప్పనిసరి. చాలామంది టేప్ కట్టేసి పని అయిపోయిందనుకుంటారు, దాంట్లో కరెంటు ఎంత ఉందో చూడరు. టెస్టర్ కొనండి. కంచెకి కరెంటిచ్చే మెషిన్ దగ్గర కాకుండా కంచె చివరికంటా వెళ్ళి కొలవండి. అక్కడ 3000 వోల్టులకి తగ్గితే గుర్రం లెక్కచేయదు. తగ్గడానికి చాలాసార్లు కారణం గడ్డే. టేప్‌కి తగిలే గడ్డీ ముళ్ళ పొదలూ కరెంటుని నేలలోకి లాగేస్తాయి. కింద కోసి శుభ్రంగా ఉంచాలి. ఎర్త్ రాడ్ (మెషిన్‌ని నేలకి కలిపే లోహపు కడ్డీ) మీటరు పొడవుది తీసుకుని తడి ఉండే నేలలో దించండి. ఎండు నేలలో ఎంత మంచి మెషిన్ పెట్టినా దెబ్బ తగలదు. ఇంకొకటి, చలికాలంలో మెడదాకా రగ్గు కప్పిన గుర్రానికి టేప్ తగిలినా షాక్ తెలియదు. మింటీ పోనీ కాబట్టి టేప్ కింద వరస కూడా ఉండాలి, లేకపోతే తల దూర్చి దూరిపోతుంది.

ఇక మిగతా గేట్లు, అంటే బండ్లు వచ్చేవి. వీటికి తాళం వేయాల్సిందే. కానీ ముందు గేటు తిరిగే కీలు చూడండి. గేటు వేలాడే రెండు కొక్కాలూ పైకే చూస్తుంటే ఇద్దరు మనుషులు పట్టి ఎత్తితే గేటు మొత్తం ఊడొస్తుంది. తాళం ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. పై కొక్కాన్ని తిప్పి కిందికి చూసేలా బిగించాలి. ఆ తర్వాత గొళ్ళెం వైపూ కీలు వైపూ రెండు చోట్లా గొలుసు వేయండి. దొంగలు ట్రైలర్ తెచ్చేది ఈ గేటు దగ్గరికే.

మంటల సంగతి అడిగారు. తాళంచెవి బదులు నంబరు తాళం పెట్టండి. యార్డ్‌లో అందరికీ ఒకటే నంబరు, ఎవరైనా యార్డ్ వదిలి వెళ్ళగానే నంబరు మార్చేయాలి. స్టేబుల్ తలుపులకి మాత్రం తాళాలు ఎప్పుడూ వేయొద్దు.

ముళ్ళ తీగ ఎక్కడైనా ఉంటే తీయించండి. గుర్రం బెదిరితే దాన్ని చూడకుండా పరిగెత్తుతుంది. ఆ గాయాలు చాలా దారుణంగా ఉంటాయి. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

శ్రీలక్ష్మి_లెస్టర్:

రవి గారు చెప్పినవన్నీ మా యార్డ్‌లోనూ చేశాం వాణీ. నేను టపాకాయల గురించి చెప్తాను, మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది.

ఇంగ్లండ్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా టపాకాయలు కాల్చకూడదు. నవంబరు 5న (ఇక్కడి టపాకాయల పండగ, బాన్‌ఫైర్ నైట్) మాత్రం అర్ధరాత్రి దాకా, దీపావళి రోజు రాత్రి ఒంటిగంట దాకా వీలిచ్చారు. లెస్టర్‌లో దీపావళి ఎంత ఘనంగా చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో గుర్రాలు మామూలు కంచెల్ని పట్టించుకోవు, దూకేస్తాయి, లేదా గుద్దుకుని పోతాయి.

చీకటి పడకముందే కంచె చుట్టూ తిరిగి చూసుకోండి. మింటీ రోజూ బయటే ఉండే పోనీ అయితే ఆ ఒక్క రాత్రికని తెచ్చి స్టేబుల్‌లో బంధించొద్దు, ఇంకా ఎక్కువ బెదురుతుంది. అలవాటైన ఫీల్డ్‌లోనే, అలవాటైన తోడుతో, ఎండుగడ్డి బాగా వేసి ఉంచడం మేలు. మనం చేయగలిగింది ఇంకోటుంది. చుట్టుపక్కల తెలుగు సంఘం వాళ్ళకీ, గుడి కమిటీకీ ముందే ఫోన్ చేసి ఎక్కడ, ఎన్ని గంటలకి కాలుస్తున్నారో కనుక్కోండి. యార్డ్ ఎక్కడుందో చెప్పి, పెద్ద చప్పుడువి వద్దని అడగండి. నేను అడిగాను. విసుక్కుంటారనుకున్నా, చాలా బాగా మాట్లాడారు. పిల్లల్ని గుర్రాలు చూడ్డానికి తీసుకొస్తామన్నారు కూడా.

ఇన్సూరెన్స్_కిరణ్:

నాకు గుర్రాల గురించి తెలియదండీ, క్లెయిమ్స్ విభాగంలో పనిచేస్తాను. మీరు అవతలి మనిషి ప్రాణం గురించి రాశారు కాబట్టి ఒక కేసు చెప్పాలనిపించింది.

1996లో డెవాన్‌లో ఒక ఫీల్డ్ నుంచి రాత్రిపూట గుర్రాలు దేనికో బెదిరి, ఎలక్ట్రిక్ కంచెనీ దాని వెనకున్న కంచెనీ తోసుకుని ఏ380 రోడ్డు మీదికి వచ్చాయి. ఒక కారుకి గుద్దుకున్నాయి, నడుపుతున్నాయనకి తీవ్ర గాయాలు. కంచె సరిగ్గానే ఉంది, యజమానులది అజాగ్రత్త కాదని కింది కోర్టే ఒప్పుకుంది. అయినా 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పటి అత్యున్నత కోర్టు) యజమానులే పరిహారం ఇవ్వాలని ముగ్గురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పిచ్చింది. 1971 యానిమల్స్ చట్టం కింద, బెదిరిన గుర్రం అలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి దాన్ని ఉంచుకున్నవాళ్ళదే బాధ్యత అని. మిర్వాహెడి కేసు అంటారు.

అంటే ఎంత మంచి కంచె వేసినా బాధ్యత మీ మీదికి రావచ్చు. మూడో వ్యక్తికి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ లేకుండా ఒక్కరోజు కూడా ఉండొద్దు. బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో పాటు అది వస్తుంది, విడిగా కూడా దొరుకుతుంది. యార్డ్ యజమాని పాలసీ చాలు అనుకోకండి. అది ఆయన వ్యాపారానికి, మీ పోనీకి కాదు. ఒప్పందం కాగితం ఉంటే, ఏ గేటు ఎవరు చూడాలో అందులో రాయించండి.

వాణి_కోవెంట్రీ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. కిరణ్ గారూ, మీ పోస్ట్ చదివి వెంటనే మా కాగితాలు తీశాను. మింటీకి వైద్యం ఖర్చుల ఇన్సూరెన్స్ ఉంది, మూడో వ్యక్తి నష్టానిది కూడా అందులోనే ఉందని చూసి ఊపిరి పీల్చుకున్నా.

ఆదివారం యార్డ్‌లో అందరం కూర్చుంటున్నాం. ఫుట్‌పాత్‌ని టేప్‌తో విడదీద్దామని, ఖర్చు గుర్రానికింత అని పంచుకుందామని అడుగుతాను. సాయంత్రం చివర వెళ్ళేవాళ్ళు గేట్లన్నీ చూసి వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టాలని కూడా. రవి గారూ, రెండు సందేహాలు. నంబరు తాళం చలికాలంలో గడ్డకట్టదా? దొంగల విషయంలో గుర్రం ఒంట్లో పెట్టే మైక్రోచిప్ సరిపోతుందా?

రవి_యార్క్‌షైర్:

మైక్రోచిప్ ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు నుంచి అన్ని గుర్రాలకీ తప్పనిసరి కాబట్టి మింటీకి ఉండే ఉంటుంది. ఇల్లు మారి ఉంటే దాని రికార్డులో మీ ఫోన్ నంబరూ చిరునామా మార్చించారో లేదో ఒకసారి చూడండి. దొరికిన గుర్రాన్ని మీకు చేర్చేది అదే. కానీ చిప్ పైకి కనిపించదు, దొంగని ఆపదు. కనిపించాలంటే ఫ్రీజ్ మార్క్ వేయించాలి, అంటే బాగా చల్లబరిచిన లోహపు ముద్ర నొక్కుతారు, అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. వీపు మీద జీను కింద వచ్చేలా వేస్తారు. తెల్ల పోనీ కదా, అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిస్తే ఏం కనబడదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువసేపు నొక్కి వెంట్రుకే రాకుండా చేస్తారు. అమ్మాయికి ముందే చెప్పి ఒప్పించండి.

హెడ్‌కాలర్ (గుర్రాన్ని పట్టుకెళ్ళడానికి తలకి వేసే పట్టీ) గేటుకి తగిలించి పోవద్దు, దొంగ చేతికి మనమే ఇచ్చినట్టు.

తాళం గడ్డకడుతుంది, నిజమే. బయట వాడే రకం, రబ్బరు మూత ఉన్నది కొనండి. నవంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి లోపలికి గ్రాఫైట్ పొడి కొట్టండి. మామూలు నూనె పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుపోతుంది. గొలుసు వేలాడేటప్పుడు తాళం నంబర్ల వైపు కిందికి ఉండాలి, నీళ్ళు లోపలికి దిగవు.