కొట్లో నోటికి వచ్చే లెక్క నోటుపుస్తకంలో ఎందుకు తప్పుతోంది?

అడిగినవారు: పూలకొట్టు అమ్మ, తిరుపతి

నమస్కారమండీ. నేను గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు అమ్ముతాను. మా అమ్మాయి ఏడో తరగతి. సాయంత్రం బడి వదలగానే వచ్చి నా పక్కన కూర్చుంటుంది. మల్లెపూలు మూర 30 రూపాయలు. ఎవరైనా మూడు మూరలు అడిగితే, నేను మోచెయ్యి చాపి కొలిచే లోపలే "తొంభై అక్కా" అనేస్తుంది. వంద ఇస్తే పది తిరిగిచ్చేస్తుంది. అట్లాంటి పిల్ల రాసిన లెక్క చూసి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క ఇది: 4 కిలోల టమోటాలు 60 రూపాయలు అయితే 7 కిలోలు ఎంత? తను 63 అని రాసింది. ఎట్లా వచ్చిందే అని అడిగితే పుస్తకం అంచున పెన్సిల్‌తో సన్నగా వేసుకున్నది చూపించింది. 4 పక్కన +3, కింద 7. 60 పక్కన +3, కింద 63. "కిలోలు మూడు పెరిగాయి కదమ్మా, అందుకని ఇక్కడ కూడా మూడు పెంచాను" అంది. మూడు కిలోల టమోటాలు మూడు రూపాయలకు ఎవరిస్తారే అని గట్టిగా అరిచాను. ఏడ్చేసింది. ఎందుకు అరిచానా అని ఇప్పటికీ బాధగా ఉంది.

నేను పదో తరగతి దాకా చదివాను. ముందు ఒక్కదాని ధర కనుక్కునే ఏకవస్తు పద్ధతి గుర్తున్నంత వరకు చెప్పాను. ఇంకో లెక్క ఇస్తే ఈసారి 4ని 60తో భాగించింది. పైగా ఒక ప్రశ్న వేసింది: "నాలుగు మూరలు తీసుకుంటే నువ్వు వందకే ఇస్తావు. మూర 30 అయితే 120 కావాలి కదా. మరి పుస్తకంలో లెక్క ఎట్లా కరెక్ట్?" దానికి నా దగ్గర జవాబు లేదు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, టెన్షన్‌గా ఉంది. ఎట్లా చెప్పాలో ఎవరైనా చెప్పండి.

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, పాకాల

అడ్డగుణకారం నేర్పించేయండి అక్కా. 4 : 60 = 7 : ఎంత? 7ను 60తో గుణించి 4తో భాగిస్తే 105. మా పెద్దోడికి ఇదే నేర్పాను, మార్కులు వస్తున్నాయి.

జవాబు: లెక్కల టీచర్, చిత్తూరు

అమ్మా, ఆ 63ను చూసి భయపడకండి. పదిహేడేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఏటా ఏడో తరగతిలో ఈ 63 నాకు ఎదురవుతూనే ఉంది. చిన్నప్పటి నుంచి కూడికలు చేసీ చేసీ, పెరిగింది అనగానే కలపడం అలవాటైపోతుంది. మీ అమ్మాయి ఎంత తేడా అని చూస్తోంది. ఎన్ని రెట్లు అని చూడాలి.

పాకాల సార్ చెప్పిన పద్ధతి సరైనదే, చాలా పాతది కూడా. ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే దీన్ని త్రైరాశికంగా చెప్పాడు. ఇక్కడ ప్రమాణం 4, ఫలం 60, ఇచ్ఛ 7. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. అయినా దాన్ని ఇప్పుడే ఇవ్వొద్దని నా మనవి. అడ్డంగా గుణించి 105 తెచ్చిన పిల్లలనే "మరి కిలో ఎంత?" అని అడిగితే బిక్కమొహం వేయడం నేను చాలాసార్లు చూశాను. ముందు ఆ ఒక కిలో పిల్లకు కనిపించాలి.

ఇట్లా రాయించండి:

4 కిలోలు – 60 రూపాయలు
2 కిలోలు – 30 రూపాయలు
1 కిలో – 15 రూపాయలు

ఎడమవైపు సగం చేస్తే కుడివైపు కూడా సగం. ఇప్పుడు 7 కావాలంటే 4, 2, 1 కలిపితే చాలు. అటు 60, 30, 15 కలిస్తే 105. మీ అమ్మాయికి కలపడం అలవాటు కదా, కలపనివ్వండి. కాకపోతే కిలోలను వాటి రూపాయలతో పాటే జంటగా కలపాలి.

ఇక 4ని 60తో భాగించడం. దానికీ ఒక అర్థం ఉందమ్మా. 4 కిలోలు అంటే 4000 గ్రాములు, 60తో భాగిస్తే సుమారు 67 గ్రాములు. అది రూపాయికి వచ్చే టమోటా. 60ని 4తో భాగిస్తే కిలోకు అయ్యే ధర. రెండూ యూనిట్ రేట్లే, ఏది కావాలో లెక్కను బట్టి ఉంటుంది. మన తెలుగులోనే దీనికి ఒక ఆనవాలు ఉంది. "కు" గానీ "కి" గానీ ఏ మాటకు తగిలితే దానితో భాగించాలి. కిలోకు అంటే కిలోలతో, రూపాయికి అంటే రూపాయలతో, గంటకు అంటే గంటలతో. పెన్సిల్ పట్టుకునే ముందు "దేనికి ఎంత?" అని పైకి అనమనండి.

నాలుగు మూరలు వంద అన్న ప్రశ్న మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఆ పిల్లకు లెక్కలు రావని ఎవరూ అనకూడదు. 30ని 1తో, 60ని 2తో, 90ని 3తో భాగించి చూడండి, ప్రతిసారీ 30 వస్తుంది. 100ని 4తో భాగిస్తే 25. అన్ని జతల్లో ఒకే అంకె వస్తేనే అది అనులోమానుపాతం. మీ బేరం మూడు మూరల దాకా అనుపాతంలో ఉంది, నాలుగో మూర దగ్గర తప్పింది. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా మూరలు, నిలువుగా రూపాయలు వేసి చుక్కలు పెట్టించండి. మొదటి మూడు, సున్నా నుంచి బయల్దేరిన ఒకే గీత మీద పడతాయి. నాలుగోది గీత కిందికి జారుతుంది. పుస్తకంలో లెక్క "రేటు మారదు" అని అనుకుని మొదలవుతుంది, చాలాసార్లు ఆ మాట పైకి రాయరు. ఆ సంగతి మీ అమ్మాయి తనంతట తనే పట్టుకుంది.

జవాబు: కొండకు నడిచే నాన్న, తిరుపతి

టీచర్ గారు చెప్పిన రేటు సంగతి మాకు అలిపిరి దారిలో అనుభవమే. మా వాడు మొదటి 100 మెట్లకు 5 నిమిషాలు పట్టిందని, మొత్తం 3550 మెట్లకు 177న్నర నిమిషాలు, అంటే దగ్గర దగ్గర మూడు గంటలని అక్కడికక్కడే చెప్పాడు. లెక్క కరెక్టే. కానీ గాలిగోపురం చేరేసరికే వాడికి మెట్టు మెట్టుకూ ఆయాసం. అక్కణ్ణుంచి చాలా దూరం చదునుగా ఉంటుంది కాబట్టి పరుగెత్తాడు. మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ కూలబడ్డాడు. మాకు నాలుగు గంటలు దాటింది.

అడిగినవారు: పూలకొట్టు అమ్మ, తిరుపతి

అందరికీ దండాలు. టీచర్ గారూ, నిన్న కొట్టు ముందు బండ మీద సుద్దముక్కతో మీరు చెప్పినట్టే రాయించాను. 4, 2, 1 అని దిగి 105 దగ్గరికి తనే వచ్చింది. ముందు అరిచినందుకు నేను సారీ చెప్పాను. ఆ తర్వాత కొట్టుకు వచ్చినవాళ్లందరినీ చూస్తూ "మూరకు ఎంత, డజనుకు ఎంత" అని గొణుక్కుంటూ కూర్చుంది.

ఎనిమిది గంటలప్పుడు ఒకాయన ఇంట్లో నిశ్చితార్థం ఉందని పది మూరలు అడిగాడు. మా అమ్మాయి వెంటనే చెప్పలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది: "మూర 30 చొప్పున 300 అమ్మా. వందకు నాలుగు చొప్పున అయితే 250. ఏ రేటు చెప్పమంటావు?"

250 అని చెప్పించాను.