ఢిల్లీ - శాన్ ఫ్రాన్సిస్కో: లెక్కలో 14 గంటలు, టికెట్‌లో ఇంకోటి... అసలు ఎంతసేపు?

కొండాపూర్_అబ్బాయి: అక్క పురుడుకి అమ్మానాన్నలు జూన్‌లో కాలిఫోర్నియా వెళ్తున్నారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి నేరుగా శాన్ ఫ్రాన్సిస్కో. దూరాలు చూపించే సైట్‌లో ఢిల్లీ నుంచి దాదాపు 12,400 కి.మీ. అని ఉంది, గంటకి 900 చొప్పున వేసుకుంటే 14 గంటల్లోపే అయిపోవాలి. టికెట్‌లోనేమో తెల్లవారుజామున 4కి ఎక్కి అదే రోజు పొద్దున 7:30కి దిగడం. మూడున్నర గంటలే కదా అని నాన్న ధీమాగా ఉన్నారు 🙂

టైమ్‌పాస్: జూన్‌లో కాలిఫోర్నియా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది (చలికాలంలో పదమూడున్నర). మూడున్నరకి అది కలిపితే 16 గంటలు, నాన్నగారికి మెల్లగా చెప్పండి. వచ్చేటప్పుడు తిరగబడుతుంది, శుక్రవారం పొద్దున 10కి ఎక్కితే అంతే సేపు ఎగిరినా ఢిల్లీలో దిగేది శనివారం మధ్యాహ్నం రెండున్నరకి. ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లకి తేదీ సరిగ్గా చెప్పండి, చాలామంది అక్కడే బోల్తా పడతారు.

కిటికీ_సీటు: సైట్ చూపించేది గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరం. ఆ దారం హిమాలయాలు, టిబెట్ పడమటి కొస, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. అలా తిన్నగా వెళ్లడం కుదరదు. టిబెట్ మీద క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానాన్ని గబగబా 10,000 అడుగులకి దించాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు!

ఇంకో తమాషా, దూరం పెరిగితే టైమ్ పెరగాలని లేదు. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఇదే రూట్‌ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చింది. దాదాపు 13,900 కి.మీ. కాస్తా 15,300 అయింది, అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, అంటే ముందుకన్నా త్వరగానే. పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి అటు వెళ్లేవాళ్లని వెనక నుంచి తోస్తుంది, ఎదురెళ్తే అదే గాలి గంటలు తినేస్తుంది.

ఫ్రీమాంట్_పిన్ని: పాత వీడియోలు చూసి గంటలు లెక్కపెట్టకు బాబూ. 2022 నుంచి అమెరికా కంపెనీల విమానాలు రష్యా మీద నుంచి పోవట్లేదు, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసేసింది, దాంతో యూరప్ వైపు వెళ్లేవి చుట్టు తిరగాల్సి వచ్చింది. టికెట్ మీద ఉన్నదే చూసుకో, రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లే సమయం కూడా అందులోనే ఉంటుంది. అవును, ఢిల్లీలో గ్యాప్ ఎంత?

కొండాపూర్_అబ్బాయి: రెండున్నర గంటలు పిన్నీ. రెండు టికెట్లూ విడివిడిగా తీశా, చవగ్గా వచ్చాయని.

ఫ్రీమాంట్_పిన్ని: అయితే ముందు హైదరాబాద్ టికెట్ మార్చు. విడి టికెట్లంటే పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ. మొదటి విమానం గంట లేటైతే రెండోది ఆగదు, డబ్బులూ రావు. పెద్దవాళ్లు కదా, ముందు రోజు సాయంత్రం విమానానికి ఎక్కించు, వీల్‌చెయిర్ రెండు టికెట్లకీ వేరువేరుగా అడుగు.